కేన్సరు నిర్ణయము – ముక్క పరీక్ష
(ప్రసంగ పాఠము)



చెఱకు పండించు గ్రామమునకు ఎఱ్ఱకుళ్ళు తెగులును గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. తోటలో ఒక గడ వాడిపోవును. ఆకు పసుపువన్నెకు తిరుగును. నీరు చాలలేదని ఒకరు, పురుగు తొలిచినదని మఱియొకరు, ఎరువు హెచ్చినదని వేఱొకరు చెప్పుదురు. అనుభవము కల రైతు ఈ వాదమునకు దిగడు. గడను నఱికి నిలువునా చీల్చి చూచును. లోపల ఎఱ్ఱబారి, ఆ ఎఱుపునకు అడ్డముగా తెల్లని పట్టెలు కనబడి, పులిసిన వాసన వచ్చినచో అది ఎఱ్ఱకుళ్ళే. అనకాపల్లిలో 1913లో నెలకొల్పబడిన పరిశోధనా క్షేత్రమువారును గడను చీల్చియే ఈ తెగులును చూపుదురు. ఒక్క గడను చీల్చినందువలన తోటయంతయు పాడైనదని గోవాడలో గాని, చోడవరము ప్రాంతమున మఱియే ఊర గాని రైతు అనడు.

అదే రైతు ఇంట, తల్లి నోటిలో మానని పుండు పడి, వైద్యుడు చిన్నముక్క తీసి పరీక్షకు పంపవలెనని చెప్పినప్పుడు మాత్రము ఇంటిల్లిపాదియు వెనుకాడుదురు. “కత్తి తగిలినచో పాకును” అను మాట ఎవరో ఒకరు అందురు. దానితో ప్రయాణము ఆగిపోవును. పసరు మందులు, పథ్యములు, మ్రొక్కుబడులు మొదలగును. మూడు నెలలకో ఆరు నెలలకో మరల ఆసుపత్రికి పోవునప్పటికి పుండు దవడకు దిగియుండును. ఈ ప్రసంగము ప్రధానముగా ఆ ఒక్క మాటను గూర్చినది.

ముందు కేన్సరు అన నేమో తెలియవలెను. మన శరీరము కంటికి కనబడనంత చిన్నవైన కణములతో నిర్మింపబడినది. ప్రతి కణమును మఱియొక కణమునుండియే పుట్టునని జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్హో 1858లో ప్రకటించిన గ్రంథమున గట్టిగా వాదించెను. కొడవలి తగిలి వ్రేలు తెగినప్పుడు అంచులనున్న కణములు వృద్ధిపొంది గాయమును పూడ్చును. పూడ్చిన పిమ్మట తమంత ఆగును. ఈ ఆగుటయే ఆరోగ్యము. కేన్సరు కణములు ఈ ఆజ్ఞను మీఱినవి. అవి అవసరము లేకున్నను పెరుగును, ప్రక్కనున్న కణజాలములోనికి చొచ్చుకొనిపోవును, రక్తము వెంటను రసనాళముల వెంటను దూరపు అవయవములకు పోయి అచ్చట నాటుకొనును. గ్రీకు వైద్యులు దీనికి ఎండ్రకాయ పేరు పెట్టిరి. మన పెద్దలు రాచపుండు, పుట్టకురుపు అని పిలిచిన వానిలో కొన్ని ఈ వ్యాధియే కావచ్చును. ఇది అంటువ్యాధి కాదు. రోగి తినిన కంచమున తినినను, ప్రక్కన పండుకొనినను రాదు. రోగికి వేఱు గ్లాసు, వేఱు మూల ఏర్పఱచుట వ్యాధికంటె ముందుగా మనిషిని కృంగదీయు పని.

ఇక చిక్కు ఎచ్చటనున్నదనగా, కేన్సరు పైకి కేన్సరువలె కనబడవలెనను నియమము లేదు. కేన్సరు కానివి కేన్సరువలె కనబడుటయు కలదు. మెడమీద గడ్డ లేచినదనుకొందము. అది మన దేశమున తఱచుగా క్షయవలన వచ్చునదే. పూర్వులు గండమాల యనిన దానిలో ఎక్కువ భాగము అదియే. దానికి మాత్రలున్నవి, కొన్ని నెలలు విడువక మ్రింగినచో నయమగును. అదే చోట, అదే పరిమాణమున లేచిన గడ్డ నోటి కేన్సరు మెడకు దిగుటవలన కావచ్చును, లేక రసగ్రంథులలోనే పుట్టిన లింఫోమా కావచ్చును. మూటికిని మూడు వైద్యములు. చేతితో తడవి చూచి ఈ మూటిని వేఱుచేయుట ఎంతటి ఘనవైద్యునకైనను నమ్మకముగా సాధ్యము కాదు. ఎక్స్‌రే గాని, స్కానింగు గాని గడ్డ ఎచ్చట ఎంత మేర ఉన్నదో చెప్పును; అది యేమో సాధారణముగా ఊహకే విడుచును. కేన్సరని భయపడి ఏడ్చుచున్న ఇంటికి “ఇది క్షయ, మందులతో పోవును” అను కబురు ముక్క పరీక్షవలననే వచ్చిన సందర్భములు ఏ పెద్ద ఆసుపత్రిలోనైనను కొల్లలు. ముక్క పరీక్ష యనగానే చెడ్డకబురే యని తలచువారు ఈ సంగతి మఱచుదురు.

ఉత్తరాంధ్రమునకు ఈ విషయముతో ప్రత్యేక సంబంధము కలదు. శ్రీకాకుళము మొదలు విశాఖపట్టణము వఱకు గల పల్లెలలో చుట్టను నిప్పున్న కొన నోటిలోపల ఉంచి కాల్చు అలవాటు పూర్వమునుండి ఉన్నది. అడ్డపొగ యనిన ఇచ్చటి వారికి వేఱుగా వివరింప నక్కఱలేదు. ఇది పురుషులలోకంటె స్త్రీలలో హెచ్చు. తడిపనిలో చుట్ట ఆరిపోదనియు, గాలికి నిప్పురవ్వలు చీరపై పడవనియు, చుట్ట ఎక్కువసేపు వచ్చుననియు కారణములు చెప్పుదురు. ఇటీవలి తరములలో ఈ అలవాటు తగ్గినను పెద్దవయసు స్త్రీలలో పూర్తిగా పోలేదు. లోపలనున్న నిప్పు వేడిమియు, పొగాకు పొగయు నేరుగా తగులునది అంగిలికి. ఇతర ప్రాంతములలో గట్టి అంగిలిపై కేన్సరు వచ్చుట మిక్కిలి అరుదు. ఈ తీరమున అది వైద్యులకు పరిచితమైన రోగము.

ఈ సంబంధమును గుర్తించినవారు మన విశాఖ వైద్యులే. ఎం. జి. కిని, కె. వి. సుబ్బారావు అనువారు 1937లోనే దీనిని గూర్చి వైద్యపత్రికలో వ్రాసిరి. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి పరిశోధనాలయమునకు చెందిన ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో భారతదేశపు అలవాట్లవలన పుట్టు మూడు విధముల కేన్సరులను వర్ణించుచు అందులో ఈ చుట్ట కేన్సరును చేర్చిరి. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన ఫలీ మెహతా మొదలగువారు శ్రీకాకుళము జిల్లా గ్రామములలో 10,169 మంది నోళ్ళు తెఱపించి చూచి 1971లో ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ త్రాగువారే. విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డిగారును, వారి సహచరులును ఈ అంగిలి కేన్సరును సూక్ష్మదర్శని క్రింద ఏండ్ల తరబడి పరిశీలించి 1970 దశకమున విలువైన వ్యాసములు వెలువరించిరి.

ఈ పరిశోధనలలో సామాన్యుడు గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. అడ్డపొగ త్రాగువారిలో అనేకుల అంగిలి తెల్లబారి, మందమై, మధ్య మధ్య ఎఱ్ఱని చుక్కలతో నుండును. అట్టి తెల్లదనమంతయు కేన్సరు కాదు. దానిలో కొన్ని ముందు ముందు కేన్సరుగా మాఱవచ్చును. చుట్ట మానినచో కొన్ని తిరిగి బాగుపడును. కొన్నింట, ముఖ్యముగా ఎఱ్ఱబారిన చోటులందును, పుండుపడిన చోటులందును, అప్పటికే కేన్సరు మొలకెత్తియుండవచ్చును. చూచువారి కంటికి ఇవన్నియు అంగిలిపై మచ్చలే. నొప్పియు మొదట ఉండదు. నొప్పి లేదు గనుక వ్యాధి లేదనుకొనుట ఈ రోగమునకు మిక్కిలి అనుకూలించిన అపోహ.

కంటికి ఒకేరీతిగా కనబడు ఈ మచ్చలను వేఱుచేయునదే బయాప్సీ. గ్రీకు భాషలో జీవము, దర్శనము అను రెండు మాటలు కలిపి పారిస్ నగరపు చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెస్నియే 1879లో ఈ పేరు పెట్టెను. మన వాడుకలో ముక్క పరీక్ష యని స్థిరపడినది. ఆ పేరే బాగున్నది.

పని చూడ స్వల్పము. నోటి పుండైనచో ఆ చోట మత్తుసూది వేసి, పుండు అంచునుండి కందిగింజంత ముక్కను తీయుదురు. నడిమి భాగమున చచ్చిన కణజాలమే ఎక్కువగా నుండును గనుక అంచు కావలెను; కొంత మంచి భాగమును కూడ కలిసిరావలెను. మంచిచోటినుండి చెడ్డచోటికి మార్పు ఎట్లు జరిగినదో ఆ సరిహద్దు చెప్పినంతగా మఱియేదియు చెప్పదు. అవసరమైన ఒక కుట్టు వేయుదురు. ఆ పూట చల్లని మెత్తని ఆహారము తిని రోగి ఇంటికి పోవచ్చును. మెడగడ్డ, రొమ్ముగడ్డ వంటివానికి ముందుగా సన్నని సూది గ్రుచ్చి కణములను పీల్చి చూతురు. సూదితో వచ్చునవి విడికణములు. ఇల్లు కూలిన పిమ్మట ఇటుకలను చూచి ఇల్లెట్టిదో ఊహించినట్లు కొన్ని సమయములందు అవి చాలవు. అప్పుడు లావు సూదితో గాని, కత్తితో గాని ముక్కయే కావలసివచ్చును. సూదిపరీక్ష చేసితిరి గదా, మరల ఇదెందుకని విసుగుకొనువారు కలరు. డబ్బు గుంజుటకే యను అనుమానమును కలుగును. అనుమానము కలిగినప్పుడు వైద్యునే కారణమడుగుట మేలు. చెప్పవలసిన బాధ్యత వైద్యునిది.

తీసిన ముక్కను వెంటనే ఫార్మలిను ద్రవమున వేయుదురు. అది కుళ్ళకుండ కాపాడును. సీసాపై రోగి పేరు, చోటు, తేదీ వ్రాయుదురు. కొన్ని చోటుల ఆ సీసాను ప్రయోగశాలకు చేర్చు పని బంధువులకే అప్పగింతురు. ఆ ద్రవము పాఱబోసి నీరు పోసినను, చీటీ ఊడగొట్టినను పడిన శ్రమయంతయు వ్యర్థమై, ముక్క మరల తీయవలసి వచ్చును. ప్రయోగశాలలో దానినుండి నీటిని తొలగించి, మైనములో పోతపోసి, ఆ దిమ్మను యంత్రపు కత్తితో పొరలుగా కోయుదురు. ఒక మిల్లీమీటరు మందమున రెండువందల పొరలు వచ్చునంత సన్నముగా కోయుదురు. పొరను గాజుపలకపై అంటించి రంగులు వేయుదురు. అందులో ఒక రంగు మధ్య అమెరికాలో పెరుగు ఒక చెట్టు చేవనుండి తీయబడునది. అది కణము నడిమినున్న కేంద్రకమునకు నీలివన్నె ఇచ్చును. రెండవది మిగిలిన భాగమునకు గులాబివన్నె ఇచ్చును.

అప్పుడు రోగనిర్ణయ శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శనిలో చూచును. ఆరోగ్యమైన చోట కణములు వరినారువలె వరుసగా నుండి, అడుగున సన్నని గట్టు ఒకటి ఉండును. వ్యాధి ఆరంభమున కేంద్రకములు పెద్దవై, నల్లబడి, వరుస తప్పును. కాని గట్టు నిలిచియుండును. ఈ దశ కేన్సరు కాదు, దాని గుమ్మము. కణములు గట్టు తెంచుకొని క్రింది పొలములోనికి పాఱినప్పుడు అది కేన్సరు. గట్టు తెగినదా లేదా అనునది నోటిలో దీపము వేసి చూచిన తెలియదు; ఆ పలకపై తెలియును. రోగి పాలిట ఇంత పెద్ద తీర్పు చెప్పు ఈ శాస్త్రజ్ఞుని రోగి ఒక్కసారియు చూడకపోవుట వింతయే.

తెలియుట పేరు వఱకే ఆగదు. ఏ జాతి కణములనుండి పుట్టినది, ఎంత ఉద్ధృతముగా నున్నది, రొమ్ము కేన్సరైనచో ఏ మందునకు లొంగునది అను విషయములును ఆ ముక్కలోనే చూతురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో తయారుచేసిన మందును పిల్లల రక్తకేన్సరుపై ప్రయోగించి 1948లో ఫలితము ప్రకటించిన సిడ్నీ ఫార్బర్, వృత్తిచేత ఇట్టి పలకలు చదువు రోగనిర్ణయ శాస్త్రజ్ఞుడే. వ్యాధి పేరు సరిగా తెలిసినగాని మందు విలువ తేలదు.

ముక్క పరీక్ష పొరపడదా? పొరపడును. దానికి చరిత్రలో ప్రసిద్ధమైన దృష్టాంతము కలదు. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు బొంగురుపోయినది. జర్మను వైద్యులు కేన్సరని శంకించి శస్త్రచికిత్సకు సిద్ధపడిరి. ఇంగ్లాండునుండి పిలిపింపబడిన మొరెల్ మెకెంజీ గొంతులోని వాపునుండి ముక్కతీసి, ముందు చెప్పిన విర్హో పండితునకే పంపెను. ఆ ముక్కలో కేన్సరు కనబడలేదని ఆయన తెలిపెను. శస్త్రచికిత్స ఆగిపోయినది. వ్యాధి ఆగలేదు. 1888 మార్చిలో సింహాసనమెక్కిన ఫ్రెడరిక్ 99 దినములు మాత్రమే చక్రవర్తిగా నుండి జూన్ 15న మరణించెను. శవపరీక్షలో కేన్సరే యని తేలినది. అంతటి పండితుడైనను తనకు పంపిన ముక్కనే చూడగలడు. పంపని చోటును చూడలేడు. చెఱకు గడలో కొననుండి తీసిన ముక్క చప్పగా నున్నంతమాత్రమున మొదలు చప్పన కాదు గదా. కావున “కేన్సరు లేదు” అని కాగితము వచ్చిన పిమ్మటను పుండు మానక, గడ్డ తగ్గక ఉన్నచో పని ముగిసినట్లు కాదు. వైద్యుడు మరల ముక్క తీయవలెనన్నచో అది అతని తెలివితక్కువ కాదు, జాగ్రత్త.

ఇక “కత్తి తగిలినచో పాకును” అను మాట. దీనిని మూఢత్వమని కొట్టివేయుట న్యాయము కాదు. జనులు కండ్లార చూచిన దానినుండియే అది పుట్టినది. ఒక ఇల్లాలు అంగిలిపై పుండును ఏడాది దాచును. ఇంటివారికి తెలిసి ఆసుపత్రికి కొనిపోవుదురు. ముక్క తీయుదురు. ఫలితము వచ్చుటకు వారమో పది దినములో పట్టును. తరువాత డబ్బు కూడవలెను, తోడుపోవు మనిషి కావలెను, చెఱకు నఱుకుడు ముగియవలెను. రెండు నెలలు గడచును. ఈలోగా పుండు పెరుగును, ఆమె చనిపోవును. ఊరివారు లెక్క చూచుకొందురు: ముక్క తీయనంతవఱకు ఏడాది బ్రతికినది, తీసిన పిమ్మట ఆరునెలలకు పోయినది. లెక్కలోని అంకెలు నిజమే. కారణము మాత్రము తప్పు. పెరిగినది కత్తివలన కాదు, మునుపటినుండి పెరుగుచున్నదే పెరిగినది. ఆ ఏడాదియు, ఆ రెండు నెలలును లెక్కలో ఎవరును వేయరు.

శాస్త్రజ్ఞులును ఈ శంకను పరీక్షింపకుండ విడువలేదు. అమెరికాలోని మేయో వైద్యాలయమువారు క్లోమ కేన్సరునకు శస్త్రచికిత్స జరిగిన రెండువేలమందికి పైబడిన రోగుల వివరములు సరిపోల్చి 2015లో ప్రకటించిరి. ముందుగా సూదిపరీక్ష జరిగినవారు జరుగనివారికంటె తక్కువకాలము బ్రతుకలేదు.

అట్లని ఏ గడ్డనైనను ఎవరైనను పొడువవచ్చునని కాదు. వృషణములోని గడ్డను సూదితో పొడువక, గజ్జవద్ద కోసి మొత్తముగా తీసి పిమ్మట పరీక్షింతురు. కాలేయములోని కొన్ని గడ్డలను స్కానింగువలనను, రక్తపరీక్షలవలనను నిర్ణయింతురు. సూది పోయిన దారిలో కణములు నాటుకొనుట అరుదుగా జరుగునని వైద్యగ్రంథములే చెప్పుచున్నవి. అందుచేతనే, ముందు ముందు శస్త్రచికిత్స చేయుదురని తోచినచోట ఆ కోతలో ఈ దారియు తొలగిపోవునట్లు ఆలోచించి సూదిని దించుదురు. ముక్క తీయు పని అనుభవము కల వైద్యునిది. గడ్డపై బ్లేడు పెట్టు ఊరి చికిత్సకును దీనికిని సంబంధము లేదు. నిజముగా భయపడవలసినది దానికి.

రెండు మూడు వారములలో మానని నోటిపుండు, తెల్లబారిన లేక ఎఱ్ఱబారిన అంగిలి, నొప్పి లేకుండ రొమ్ములో చేతికి తగులు గడ్డ, ముట్లుడిగిన పిమ్మట కనబడు రక్తము, తగ్గని గొంతు బొంగురు – ఇవి కనబడినచో ఆలస్యము తగదు. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. అగనంపూడి వద్ద టాటా స్మారక కేంద్రమునకు చెందిన హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి ఉన్నది. ఖర్చునకు వెఱచువారు తెలిసికొనవలసినది మఱియొకటి: రాష్ట్ర ప్రభుత్వము 2007లో పేదలకొఱకు ఆరంభించిన ఆరోగ్యశ్రీ పథకమున కేన్సరు చికిత్సలు చేర్చబడినవి. ఆ పథకమునకు 2024లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ యని పేరు మాఱినది. చదువ నేర్చినవారు చదువురాని పొరుగువారికి కాగితములు నింపిపెట్టినను చాలు సాయమే.

అన్నిటికంటె విచారకరమైనది ముక్క ఇచ్చి, ఫలితము తీసికొనుటకు తిరిగి పోకపోవుట. తెలియనంతవఱకు లేనట్లేయని మనసు సరిపెట్టుకొనును. కాగితము ఆసుపత్రి బీరువాలో పడియుండును. దానిలో క్షయ యని ఉండవచ్చును; వట్టి పొగమచ్చ యని ఉండవచ్చును; గట్టు తెగకముందటి దశ యని ఉండవచ్చును. కొందఱు కాగితము తెచ్చినను రోగికి చూపక పెట్టెలో దాచుదురు. తన నోటి సంగతి తనకే చెప్పని ఇంట ఆమె చుట్ట మానుటకు మాత్రము కారణమేమి కనబడును?

అంగిలిపై చిన్న కేన్సరని తేలినచో శస్త్రవైద్యులు ఆ భాగమును తొలగింతురు. అంగిలిలో రంధ్రమేర్పడినచో, మాట ముక్కులో పోకుండ, తినిన అన్నము ముక్కులోనికి రాకుండ దంతవైద్యులు కట్టుడుపండ్లవలె తీసిపెట్టుకొను పలకను కొలతకు తయారుచేసి అమర్చుదురు. దానిని భోజనమైన పిమ్మట తీసి కడిగికొని మరల పెట్టుకొనవలెను. మొదటి దినములలో మాట తడబడును. కొలది వారములలో అలవాటగును.